చెవి కోయని పొట్టేలు

“పొట్టేలేదిరా?”

బక్కమ్మ అడగడం ఇది మూడోసారి. మొదటిసారి కోడలిని అడిగింది, రెండోసారి మనుమణ్ని. ఇప్పుడు దొడ్డి తడిక పట్టుకొని, ఎదురుగా ఉన్న గొర్రెపిల్లలనే అడిగినట్టు అడిగింది.

తుంగతుర్తిలో కూతురింటికి పోయి వచ్చిన మనిషి ఇంకా కాళ్లు కడుక్కోలేదు. సంచి చంకలోనే ఉంది. సరళ చెంబుతో నీళ్లు పట్టుకొని పక్కన నిలబడింది. అత్త చేయి చాచలేదు.

“నిన్న సైదయ్యకు అమ్మినం గద, నాయినమ్మా,” అన్నాడు మహేశ్వర్. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు వాడు. చెల్లె చెవుల ఆపరేషనుకు తోడుంటానని సెలవు పెట్టి మోతెకు వచ్చాడు. “నాలుగు జీవాలకు మాట్లాడుకున్నం. బండి వచ్చినంక సూస్తే అండ్ల ఒకటి కడుపుతోటున్నది. కడుపుతోటున్నదాన్ని ఎట్ల అమ్ముతం? దాని బదులు పొట్టేలును ఎక్కిచ్చిన.”

“ఏ పొట్టేలును?”

“గదే, చెవి కోయనిది. మన గుర్తు లేదు గద దానికి. నాయిన అంగట్ల కొన్నడేమో, ఇంక మందల కలపలేదేమో అనుకున్న.”

బక్కమ్మ తడిక వదిలేసింది. సంచి జారి కింద పడింది. కూతురు కట్టి ఇచ్చిన సకినాలు మట్టిలో దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

ఆ ఇంట్లో పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ ఎడమ చెవి కొసన రెండు గాట్లు పెడతారు. మేత దగ్గర మందలు కలిసిపోయినప్పుడు ఆ గాట్లే ఆనవాలు. ఒక్క జీవానికి మాత్రం కత్తి తగలనివ్వరు. గట్టు జాతరలో గుట్ట మీది సౌడమ్మకు మొక్కినదానికి. అది మనది కాదు, అమ్మవారిది. మన గుర్తు దానికి ఉండకూడదు. చెవి నిండుగా ఉండటమే దాని గుర్తు. మందలో పెరిగినవాడికి ఎవరూ చెప్పనక్కరలేని సంగతి. మహేశ్వర్ హాస్టల్లో పెరిగాడు. మనది కాదు అన్నంతవరకు సరిగ్గానే పోల్చుకున్నాడు. ఎవరిదో తెలుసుకోలేకపోయాడు.

“ఎవలి పానానికి మొక్కిన్నో ఎరుకేనారా నీకు?” అంది బక్కమ్మ. “పోయినేడు నీ చెల్లెకు డెంగీ వచ్చి, ఖమ్మం దవాఖానల కండ్లు తేలేస్తే మొక్కిన. ఇగ దక్కదన్నరు. దక్కింది. నా మనుమరాలి పానానికి బదులు రా అది!”

“చెల్లె కోసమే గద అమ్మింది కూడా!”

“పానం వేరు, చెవులు వేరు!”

ఆ మాట దొడ్డి దాటి వాకిట్లో చెప్పులు విడుస్తున్న ఆమె కొడుకు రామనర్సయ్యకు వినిపించింది. మందను చెలకలో విడిచి అన్నానికి వచ్చాడు. ఏమైందని అడగలేదు. దొడ్డిలోకి తొంగి చూశాడు, కొడుకు మహేశ్వర్ ముఖం చూశాడు, అరుగు మీద కూర్చున్నాడు.

“నీకు తెల్వదా?” అంది తల్లి.

“నేను మందకాడున్న, అవ్వా. పైసలు వచ్చినయన్నడు. ఏయే జీవాలు పోయినయో సూసుకోలే. పొట్టేలు నీడకున్నదేమో అనుకున్న.”

“గీ చెవుల పిచ్చి ఇంట్లకు వచ్చిన్నాడే అనుకున్న,” అంది బక్కమ్మ. “ మీ నాయినకు లేవా గవే పొడుసుకొచ్చిన చెవులు? గా చెవులేసుకొనే కులంల పెద్దమనిషి అనిపిచ్చుకున్నడు. ఎవలన్న నవ్విన్రా?”

“మామకు నెత్తిమీద రుమాలుండె గద, అత్తమ్మా,” అంది సరళ.

ఆమె మామూలుగానే అంది. కానీ మహేశ్వర్‌కు నవ్వొచ్చింది. వాడు నవ్వేసరికి బక్కమ్మ కోడలి వైపు తిరిగింది.

“నువ్వు ఇంట్లనే ఉంటివి గదనే?”

సరళ చేతిలో చెంబు ఉంది. నీళ్లు అంచు దాకా ఉన్నాయి.

“కుడితి కలుపుతున్న, అత్తమ్మా,” అంది.

అది అబద్ధం కాదు. సైదయ్య బండి వచ్చినప్పుడు ఆమె కుడితి కలుపుతూనే ఉంది. కలుపుతూ తలెత్తింది. కొడుకు పొట్టేలును కొమ్ములు పట్టి బండి దగ్గరికి నడిపించడం చూసింది. దాని చెవులు రెండూ ఆకుల్లాగా నిండుగా ఊగడం చూసింది. సైదయ్య బండిమీది నుంచి, “అక్కా, దీన్ని కూడానా?” అని అడిగాడు. ఆమె కాదనలేదు. తల కూడా ఊపిందేమో, ఆమెకే సరిగా తెలియదు. చేయి మాత్రం కుడితిలో ఆగింది. బండి పోయాక మళ్లీ కలిపింది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. దేవుడి అర ముందు కూడా మనసులో అనుకోలేదు.

“సైదయ్యకు ఫోను జెయ్యి,” అంది బక్కమ్మ. “అది ఇంటికి రావాలె. వచ్చేదాక నేను ముద్ద ముట్ట.”

సైదయ్య ఫోను ఎత్తాడు. పొట్టేలు ఇంకా మిర్యాలగూడలో తన దొడ్డిలోనే ఉందన్నాడు. వస్తే మాట్లాడుకుందామన్నాడు.

రామనర్సయ్య తండాలో ఉండే ధర్మాను పిలిచి ట్రాలీ ఆటో మాట్లాడాడు. మహేశ్వర్ చెప్పులేసుకున్నాడు.

“నువ్వొద్దు, మయేషూ. నాయినమ్మ కాడ ఉండు. నేను పోత,” అంది సరళ.

రామనర్సయ్య భార్య వంక చూశాడు. మిర్యాలగూడ గొర్రెల దొడ్డిలో ఆమెకేం పనో అతనికి అర్థం కాలేదు. సరళకు మాత్రం ఒకటే భయం. సైదయ్య నోటి నుంచి ఆ మాట వస్తే, వచ్చేటప్పుడు తను అక్కడ ఉండాలి. ఉండి ఏం చేస్తుందో ఆమెకు కూడా తెలియదు.

*

ఆటో నడిపే ధర్మా పక్కన ఇద్దరూ ఇరుక్కొని కూర్చున్నారు. ధర్మా మాటకారి. రామనర్సయ్యకు మాట్లాడటం ఇష్టం లేదని అతనికి సూర్యాపేట వచ్చేదాకా అర్థం కాలేదు.

“మా బామ్మర్ది గట్లనే మొన్న పన్ను కట్టిచ్చుకున్నడే, అన్నా. బంగారం లెక్క మెరుస్తది. ఇగ నోరు మూస్తలేడు. చెవులకు కూడా ఆపరేషనుంటదని మాత్రం గిప్పుడే ఇంటున్న. ఏం జేస్తరు, కోసి పారేస్తరా?”

“కోసి పారెయ్యరు,” అంది సరళ. “ఎనక కోసి, దగ్గరికి మలిచి కుట్లేస్తరు.”

“రైకకు కుట్టినట్టా?”

“గట్లనే అనుకో.”

సూర్యాపేటలో, చెవుల ఆపరేషను చేసే ఆసుపత్రి బోర్డు బండిలోంచి కనిపించింది. హైదరాబాదు నుంచి డాక్టరు నెలకొకసారి అక్కడికి వస్తాడు. మొదటిసారి కూతురితో కలిసి ముగ్గురూ పోయినప్పుడు రామనర్సయ్య ఆరోగ్యశ్రీ కార్డు కవరులో పెట్టి జేబులో వేసుకొని వచ్చాడు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి దాన్ని ముట్టుకోను కూడా లేదు.

“దీనికి కార్డు పనిచెయ్యది, అంకుల్. ఇది రోగం కాదు. అందం కిందికి వస్తది.”

“అందం కాదమ్మా,” అన్నాడు రామనర్సయ్య. “పిల్ల ఏడుస్తది.”

“ఏడిస్తే రోగం కాదు గద, అంకుల్.”

అరవై వేలు చెప్పారు. అందులో సగం కూతురు ప్రశాంతి తన జీతంలోంచి దాచుకున్నదే ఉంది. మిగతా సగానికి తండ్రి ఆ సాయంత్రమే మందలోకి పోయి జీవాలను చూసుకున్నాడు. ఎక్కువ తక్కువ మాట్లాడలేదు. కూతురు ఎన్నడూ ఒకటి కావాలని అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇదే.

ప్రశాంతి కోదాడలో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఊరివాళ్ల చెవుల మీద ఫ్రేములు పెట్టి, వదులా బిగువా అని చూడటమే ఆమె పని. ఎదురుగా అద్దం ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో తమను చూసుకుంటూ, వెనక నిలబడ్డ ఆమెను కూడా చూస్తారు. ఎండాకాలంలో కూడా జుట్టు చెవుల మీదికి దువ్వి పిన్నులు పెట్టుకుంటుంది. ఒకసారి ఒక పెద్దాయన, “ఏమ్మా, నీకైతే ఏ ఫ్రేమైనా జారదు కదా,” అన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు. దుకాణం యజమాని కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇంటికి వచ్చి తల్లికి చెప్పేటప్పుడు నవ్వలేదు.

దేవుడు ఇచ్చిన రూపాన్ని మార్చొచ్చా అని సరళ చాలా రోజులు ఆలోచించింది. మారిస్తే ఆయనకు కోపం వస్తుందని అత్త అంటుంది. మరి చెవులు కుట్టించమని, ముక్కు కుట్టించమని చెప్పింది ఎవరు? పుట్టినప్పుడు లేని తూట్లే కదా అవి. అడిగితే అత్త కొడుతుందని అడగలేదు. దండం పెట్టుకొని ఊరుకుంది.

*

సైదయ్య దొడ్డి మిర్యాలగూడ బయట, రైసు మిల్లుల వెనక ఉంది. తవుడు దుమ్ము గొర్రెల వీపుల మీద కూడా పేరుకుంది. పొట్టేలును ఒక మూల గుంజకు కట్టేశారు. రామనర్సయ్యను చూసి అది గుర్తుపట్టి అరిచింది.

అతను దగ్గరికి పోయాడు. గదవ కింద చేయి పెట్టాడు. తర్వాత చెవి పట్టుకున్నాడు. అక్కడే ఆగాడు.

కుడి చెవి అంచున కత్తితో తీసిన గాటు. దాని మీద పసుపు పూసి ఉంది.

“ఎప్పుడు కోసినవ్, సైదయ్యా?”

“వచ్చిన పొద్దే కోసిన, అన్నా. నా దొడ్లకు వచ్చినంక నా గుర్తు పడాలె గద. నీకు తెల్వనిది కాదు.” సైదయ్యకు ఇంకా అర్థం కాలేదు. “ఏమాయె?”

“మొక్కుది.”

సైదయ్య కూడా జాతరకు గట్టెక్కేవాడే. ఆ ఇళ్ల పద్ధతి తెలియనివాడు కాదు. రెండు చెంపలూ వేసుకున్నాడు.

“అయ్యో, నా చేతులు పడిపోను! చెవి నిండుగున్నదని నేను కూడా అనుకున్ననే, అన్నా. అందుకనే అడిగిన. అక్క గాడనే ఉన్నది. ‘అక్కా, దీన్ని కూడానా’ అని అడిగిన్నా, లేదా? నువ్వే చెప్పక్కా.”

మిల్లు యంత్రం ఆగకుండా దడదడలాడుతోంది.

సరళ గుంజ వైపు చూసింది. రామనర్సయ్య సరళ వైపు చూడలేదు. పొట్టేలు చెవినే చూస్తూ, బొటనవేలితో పసుపు మెల్లగా తుడిచాడు.

“అడిగినవ్‌లే,” అన్నాడు అతనే. “బండి సప్పుడుకు ఇనపడకపోవచ్చు.”

“గట్లనా,” అన్నాడు సైదయ్య. ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరినీ చూశాడు. వ్యాపారి కాబట్టి ఎక్కడ మాట ఆపాలో తెలుసు. “సరే, అన్నా. తోల్కపో. పైసలు నువ్వు ఎప్పుడిస్తే అప్పుడే. కాని నడిమిట్ల ఒక మాట. ఇప్పుడు తోల్కపోయి మాత్రం ఏం జేస్తవ్? చెవి కోసినది అమ్మకు పనికి రాదు గద.”

“మా అవ్వ తెమ్మన్నది. తీస్కపోత.”

తిరుగు దారిలో ధర్మా కూడా మాట్లాడలేదు. వెనక పొట్టేలు నిలదొక్కుకోలేక కాళ్లు మార్చుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. భర్త అడుగుతాడని సరళ ఎదురుచూసింది. ఎందుకు వద్దనలేదు అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు ఉంది. ఆ నాలుగోది పోకపోతే డబ్బు సరిపోదు. ఈ నెల డాక్టరు పోతే మళ్లీ వచ్చే నెల. వచ్చే నెలకు అత్త అడ్డం పడుతుంది, లేదా పిల్లే వద్దంటుంది. జవాబు సిద్ధంగానే ఉంది. అతనే అడగలేదు.

సూర్యాపేట దగ్గర బండి ఆపించాడు.

“చాయ తాగుతవా?”

“వద్దు.”

అయినా రెండు తెచ్చాడు. ఆమె తాగింది. గాజు గ్లాసు తిరిగి తీసుకునేటప్పుడు కూడా అతను ఆమె ముఖం చూడలేదు.

*

దీపాల వేళకు ఇల్లు చేరారు. ప్రశాంతి కోదాడ నుంచి వచ్చి ఉంది. తెల్లారి ఆసుపత్రికి పోవడానికి సంచి సర్దుకొని అరుగు మీద కూర్చుంది. అన్న జరిగిందంతా చెప్పినట్టున్నాడు, సంచిని ఒళ్లోనే పట్టుకొని ఉంది.

బక్కమ్మ పొట్టేలు దగ్గరికి వచ్చింది. కళ్లు సరిగా ఆనవు ఆమెకు. చేతులతోనే చూసింది. ఎడమ చెవి తడిమింది, కుడి చెవి తడిమింది. వేలు గాటు మీద ఆగింది.

“కోసిన్రు,” అంది.

“సిన్న గాటే, అవ్వా. మానుతది.”

“మానుతది. నిండుతదా?”

పొట్టేలు తన పాత చోటికి పోయి, తొట్టిలో మూతి పెట్టింది.

“నాయినమ్మా,” అంది ప్రశాంతి. “ఒకటి అడుగుతాను. కోప్పడొద్దు.”

“కోదాడ మాటలు నా తాన మాట్లాడకు. సక్కగ అడుగు.”

“చెవికి కత్తి తగిలిన జీవం అమ్మవారికి పనికి రాదు. రేపు నా చెవులకు కత్తి తగుల్తది. మాఘమాసం జాతరల నేను గట్టెక్కాల్నా, కిందనే నిలబడాల్నా?”

మహేశ్వర్ చెల్లెను వారించబోయి ఆగిపోయాడు. బక్కమ్మ అరుగు అంచున కూర్చుంది. మెల్లగా తన చెవి తమ్మె పట్టుకుంది. వయసులో ఉన్నప్పుడు వేసుకున్న బరువైన గంటీలకు సాగి, ఆ తూటు వేలు పట్టేంత అయింది. ఆమె దాన్ని చాలాసేపు రాసుకుంది.

“నిన్ను మొక్కలేదు, బిడ్డా,” అంది చివరికి. “నీ కోసం మొక్కిన. నువ్వు అమ్మ సొత్తు కాదు, ఆమె బిడ్డవు. బిడ్డ చెవులు తల్లి కొలుస్తదా? పో. పొయ్యి చేపిచ్చుకో. నేనొద్దన.”

అత్త మాట ఇంకా అయిపోలేదని సరళకు వెంటనే తెలిసింది.

“గని ఒకటి తేలాలె. తెల్వక తోలితే తప్పు కట్టుకుంటం, ఇంకో జీవాన్ని ఇడుస్తం. అమ్మ ఊకుంటది. తెలిసి తోలితే గట్ల పోదు. మయేషుకు తెల్వదు. వాన్ని నేనేమన. ఆ పొద్దు ఈ ఇంట్ల తెలిసినోళ్లు ఎవలున్నరు?”

“నేనున్న,” అన్నాడు రామనర్సయ్య.

“నువ్వు మందకాడ ఉన్న అన్నవ్ గద, పొద్దుగాల.”

“మధ్యల వచ్చిన. నేనే ఎక్కియ్యమన్న.”

“నాయినా, నువ్వు...” అన్నాడు మహేశ్వర్. తండ్రి వాడివైపు చూశాడు. వాడు నోరు మూసుకున్నాడు.

బక్కమ్మ కొడుకు గొంతు వచ్చిన వైపే ముఖం పెట్టి కూర్చుంది. నలభై ఏడేళ్ల కొడుకు. వాడు అబద్ధమాడితే గొంతు ఎక్కడ సన్నబడుతుందో ఆమెకు తెలుసు.

“దీపం మీద చెయ్యి పెట్టి అంటవా, ఆ మాట?”

“అంట.”

“అను మరి. సరళా, దీపం ముట్టియ్యి.”

సరళ లేచింది. దేవుడి అర ముందు ప్రమిదలో నూనె పోసింది. వత్తి సర్దింది. రామనర్సయ్య భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి నడుముకు చుట్టుకున్నాడు. కాళ్లకు చెప్పులు లేకపోయినా, ఉన్నాయేమోనని కిందికి చూసుకున్నాడు. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఆ మనిషి జన్మలో ఎన్నడూ దీపం మీద ప్రమాణం చేయలేదు. పొలం గట్టు తగాదాలో గెలిచే అవకాశం ఉండి కూడా చేయను పొమ్మన్నవాడు.

ఆమె అగ్గిపెట్టె తెరిచింది. తను నోరు తెరిస్తే కూతురు రేపు ఆసుపత్రికి పోదు. ఆ పిల్ల ఆమెకు తెలుసు. తల్లి అమ్మవారికి అన్యాయం చేసి తెచ్చిన డబ్బు అని తెలిస్తే, ఆ చెవులతోనే ముసలిదైపోతుంది గాని ఆ మంచం ఎక్కదు. నోరు తెరవకపోతే ఈయన చేయి దీపం మీదికి పోతుంది.

పుల్ల గీసింది. వత్తి అంటుకుంది. రామనర్సయ్య కుడి చేయి చాచాడు.

సరళ ఆ చేయి పట్టుకుంది.

“ఆయన గాదు, అత్తమ్మా,” అంది. “ఆయన ఇంట్లనే లేడు. సైదయ్య అడిగిండు. నేను ఇన్న. నేను వద్దనలే.”

రెండో చేతిలో పుల్ల ఇంకా మండుతోంది. వేలికి తగిలేదాకా ఆమె దాన్ని వదల్లేదు.

అరుగు మీది నుంచి సంచి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. సరళ తిరిగి చూసింది. ప్రశాంతి నిలబడి ఉంది. తలలోని పిన్నులు ఒక్కొక్కటే తీస్తోంది. జుట్టు వెనక్కి జారి, దీపం వెలుగులో తాత చెవులు రెండూ బయటపడ్డాయి. ఆ పిల్ల వాటిని కప్పుకోలేదు. తల్లినే చూస్తోంది.